పళ్లు రాలిన గేరు చెప్పే సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రేడియో కంట్రోల్ పందెపు కార్ల గేర్ల గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మందికి పనికొచ్చేవి ఏరి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. కొత్తవారి కోసం ఒక మాట: మోటారు షాఫ్టుకు బిగించే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు స్పర్, మలుపుల్లో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక డిఫరెన్షియల్. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. తక్కిన ప్రశ్నల్లో సగానికి మూలం అందులోనే ఉంది కనుక దాన్ని కుదించలేదు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. అతని దగ్గర 1:10 సైజు ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీ ఉంది. ఇదివరకు రెండు సెల్లుల బ్యాటరీతో నడిపేవాడు, నాలుగు నెలల క్రితం మూడు సెల్లుల బ్యాటరీకి మారాడు. అప్పటి నుంచి ప్లాస్టిక్ స్పర్ గేరు మూడుసార్లు పోయింది. స్పర్, పినియన్, డిఫరెన్షియల్ అన్నీ ఉక్కువి వేసేస్తే పీడ విరగడవుతుందని స్నేహితులు చెబుతున్నారట. సెట్టు మొత్తానికి నాలుగు వేల పైచిలుకు అవుతుందంటున్నాడు. కొనివ్వమంటారా?
- ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ఇప్పుడే కొనకండి. పాడైన ఆ మూడు స్పర్ గేర్లను మీ అబ్బాయి పారేయకుండా ఉంచి ఉంటే ముందు వాటిని చేతిలోకి తీసుకోండి. గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునే భూతద్దం ఒకటి దొరికితే మంచిది, లేకపోతే సెల్‌ఫోనుతో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూసినా సరిపోతుంది. గేరు ఎందుకు పోయిందో ఆ పళ్ల మీదే రాసి ఉంటుంది. పళ్లన్నీ చుట్టూ సమానంగా అరిగి, కొసలు రంపం పళ్లలా సన్నబడి ఉంటే, పినియన్‌కూ స్పర్‌కూ మధ్య పట్టు వదులుగా ఉందనో, దుమ్ము నమిలిందనో అర్థం. పళ్ల వాలు నున్నగా మెరుస్తూ, కరిగి పక్కకు జారినట్టు కనిపిస్తే, పట్టు మరీ బిగుతుగా ఉండి రాపిడి వేడికి ప్లాస్టిక్ మెత్తబడిందన్నమాట. పళ్లు పక్కపక్కన మూడో నాలుగో మాత్రమే ఊడిపోయి తక్కినవన్నీ కొత్తవాటిలా ఉంటే, అది ఒక్క దెబ్బకు జరిగిన పని: మధ్యలో గులకరాయి ఇరుక్కుని ఉండాలి, లేదా గెంతి దిగినప్పుడు తగిలిన అదురై ఉండాలి. పంటి వెడల్పులో ఒక అంచు మాత్రమే అరిగి రెండో అంచు చెక్కుచెదరకుండా ఉంటే, మోటారు షాఫ్టు మీద పినియన్‌ను స్పర్‌కు ఎదురెదురుగా కాక కాస్త ముందుకో వెనక్కో బిగించారు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ ఉక్కు గేరు మందు కాదు.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం మూడో కారణం మీదే ఉంది. రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ 7.4 వోల్టులు, మూడు సెల్లులది 11.1 వోల్టులు. అదే మోటారు, అవే గేర్లు ఉండగా మోటారు తిరుగుడు వేగం ఒకటిన్నర రెట్లవుతుంది, మోటారు లోపల తిరిగే భాగమైన రోటరులో నిలవ ఉండే శక్తి మాత్రం రెండుంబావు రెట్లవుతుంది. బగ్గీ గట్టు మీంచి గెంతినప్పుడు మీ అబ్బాయి యాక్సిలరేటరు వదలకుండా పట్టుకుంటే, గాలిలో చక్రాలకు అడ్డేమీ లేదు కనుక అవి విపరీతమైన వేగం అందుకుంటాయి, నేల తగలగానే కన్ను మూసి తెరిచేలోగా ఆ వేగమంతా పడిపోవాలి. మోటారు రోటరు మాత్రం ఇంకా పాత వేగంతోనే తిరగాలని చూస్తుంది. ఆ పోట్లాట అంతా వచ్చి స్పర్ గేరు పళ్లు రెండు మూడింటి మీద పడుతుంది. గాల్లోకి లేచాక యాక్సిలరేటరు సగానికి తగ్గించి, దిగేటప్పటికి చక్రాల వేగం బండి వేగానికి దగ్గరగా ఉండేలా చూసుకోవడం మీ అబ్బాయి నేర్చుకోవలసిన మొదటి విద్య. ఆ బగ్గీకి స్లిప్పర్ క్లచ్ (దెబ్బ తగిలినప్పుడు కాస్త జారి గేర్లను కాపాడే భాగం) ఉంటే దాని నట్టును కూడా చూడమనండి. ఎవరో పూర్తిగా బిగించేసి ఉంటారు. బండి ఆగి ఉన్నచోట నుంచి ఒక్కసారిగా పూర్తి వేగం ఇచ్చినప్పుడు అడుగు దూరం పాటు క్లచ్ సన్నగా జారిన చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే నట్టును ఒక చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున వదులు చేస్తూ రావాలి.

ఇక పట్టు సంగతి. నోటుపుస్తకం కాగితం నుంచి వేలెడు పొడవున సన్నని పట్టీ చించి, స్పర్‌కూ పినియన్‌కూ మధ్య పెట్టి, మోటారును దగ్గరకు నొక్కి పట్టి మరలు బిగించండి. తర్వాత చేత్తో స్పర్‌ను తిప్పి కాగితాన్ని బయటకు తీయండి. అది చిరగకుండా, నీళ్ల అలల్లాంటి మడతలతో రావాలి. అంతటితో ఆపేయకూడదు, ఇక్కడే చాలామంది తొందరపడతారు. స్పర్ గేరు ఎంత మంచిదైనా అచ్చమైన గుండ్రంగా ఉండదు, ఒకచోట బిగుతుగా మరోచోట వదులుగా తగులుతుంది. అందుకని స్పర్‌ను నిండుగా ఒక చుట్టు తిప్పి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటు కనిపెట్టి, అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి, కాగితం పరీక్ష ఆ చోట చేయాలి. పినియన్‌ను పట్టుకుని స్పర్‌ను వేలితో అటూ ఇటూ కదిపితే చెవికి చాలా సన్నని టిక్కుమనే చప్పుడు వినిపించాలి. అసలు కదలకపోతే బిగుతు, టకటకమంటే వదులు.

ఇంతా చేశాక ఉక్కు గేర్ల ప్రశ్నకు వద్దాం. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టిన రైతుకు, తర్వాత బోరు మోటారు వైండింగే కాలిపోయిన సంగతి మన వైపు తెలియనివారు లేరు. ప్లాస్టిక్ స్పర్ గేరు ఈ బండికి ఆ ఫ్యూజు లాంటిది. దెబ్బ తగిలినప్పుడు ముందుగా అది పోతుంది, రెండు మరలు విప్పితే పది నిమిషాల్లో కొత్తది పడుతుంది. కొన్నేళ్ల క్రితం నేనూ ఇలాగే విసిగిపోయి నా బగ్గీకి స్పర్ నుంచి డిఫరెన్షియల్ దాకా అన్నీ ఉక్కువి వేశాను. అనంతపురం శివార్లలో ఒక ఎర్రమట్టి మైదానంలో మొదటి సాయంత్రం అద్భుతంగా నడిచింది. రెండో సాయంత్రం ఒక చిన్న గట్టు గెంతి దిగగానే టప్పుమని చప్పుడైంది. విప్పి చూస్తే గేర్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి, వెనక డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ పెట్టె మాత్రం బేరింగు కూర్చునే గూడు దగ్గర నిలువునా చీలిపోయింది. ఆ పెట్టె మార్చాలంటే బండి వెనక సగం విప్పదీయాలి. స్పర్ గేరు ధరకు ఆరేడు రెట్లు పెట్టి, ఆ పెట్టె కోసం మూడు వారాలు ఎదురుచూశాను.

కాబట్టి మీ నాలుగు వేలలో చాలా భాగం మిగిలేలా నేను చెప్పేది ఇదీ. పినియన్ అల్యూమినియందైతే దాన్ని తీసేసి గట్టిపరచిన ఉక్కు పినియన్ వేయండి, ఎందుకంటే చిన్న గేరు పెద్దదాని కంటే మూడింతలు ఎక్కువసార్లు తిరుగుతుంది, దాని పళ్లు అరిగి ఆకారం చెడితే కొత్త స్పర్‌ను కూడా అదే తినేస్తుంది. స్పర్ గేరును మామూలు నైలాన్‌ది కాక డెల్రిన్ అనే మరో రకం ప్లాస్టిక్‌ది తెప్పించండి. డెల్రిన్ మరింత గట్టిది, రాపిడి తక్కువ, తేమకు ఉబ్బదు. నైలాన్ తేమ మీద ఆధారపడిన పదార్థం, మన ఎండాకాలపు పొడి గాలికి పెళుసెక్కుతుంది. డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు ప్లాస్టిక్‌వైతే అవి మాత్రం ఉక్కువి వేయడం నాకూ సమ్మతమే. అవి మూసిన డబ్బాలో నూనెలో తిరుగుతాయి, పోతే బండంతా విప్పాలి, కనుక ఫ్యూజు అక్కడ ఉండకూడదు.

ప్రశ్న: నమస్కారం సార్. నాది తామియా టీటీ-02 కారు. అసలు మోటారు తీసి 3300 కేవీ బ్రష్‌లెస్ మోటారు పెట్టాను. బ్యాటరీ రెండు సెల్లులది. ఇప్పుడున్న 22 పళ్ల పినియన్ బదులు 25 పళ్లది వేస్తే వేగం ఎంత పెరుగుతుంది? మోటారుకు ప్రమాదం ఉందా?
- డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: వేగం లెక్క తేలికే. మీ కారులో స్పర్ గేరుకు 70 పళ్లు, పినియన్‌కు 22. 70ని 22తో భాగిస్తే 3.18. ఆ తర్వాత డిఫరెన్షియల్ దగ్గర ఇంకో 2.6 రెట్లు తగ్గుతుంది. రెండూ గుణిస్తే 8.27, అంటే మోటారు 8.27 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. 3300 కేవీ అంటే వోల్టుకు నిమిషానికి 3,300 చుట్లు కనుక 7.4 వోల్టులకు 24,420 చుట్లు. టైరు వ్యాసం 65 మి.మీ. అనుకుంటే గంటకు దాదాపు 36 కిలోమీటర్లు వస్తాయి. 25 పళ్ల పినియన్ వేస్తే నిష్పత్తి 7.28 అవుతుంది, వేగం 41 కిలోమీటర్లు. ఇది కాగితం మీది లెక్క, నేల మీద బరువు, గాలి తగిలి అంతకన్నా తక్కువే వస్తుంది.

మోటారుకు ప్రమాదం సంగతి కాస్త నిదానంగా చూడాలి. పినియన్ పళ్లు దాదాపు 14 శాతం పెరిగాయి కనుక, అదే కారును అదే ఊపుతో కదిలించడానికి మోటారు 14 శాతం ఎక్కువ కరెంటు లాగాలి. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక వేడి మాత్రం దాదాపు 29 శాతం ఎక్కువ. ఇప్పుడు మీ మోటారు అయిదు నిమిషాలు నడిచాక బయటి గాలి కంటే 38 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోందనుకోండి. కొత్త పినియన్‌తో అది 49 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. డిసెంబరు ఉదయం గాలి 22 డిగ్రీలుంటే మోటారు 71 డిగ్రీల దగ్గర ఆగుతుంది, అది చెల్లుతుంది. అదే కడపలో మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలుంటే మోటారు 91 డిగ్రీలకు పోతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటి పని చేస్తే బలం కోల్పోయే ప్రమాదం ఉంది, పోయిన ఆ బలం చల్లారాక కూడా తిరిగి రాదు. చలిదేశాల్లో ఉన్నవారు వీడియోల్లో చూపించే పినియన్‌ను మనం ఇక్కడ కళ్లు మూసుకుని వేసుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ముందు 23 పళ్లది వేయండి. ఏ పినియన్‌కు మోటారును ఏ స్థానంలో బిగించాలో కిట్టుతో వచ్చిన పుస్తకంలో చూసి బిగించి, అయిదు నిమిషాలు నడిపి ఆపగానే, తాకకుండా వేడి కొలిచే థర్మామీటరును మోటారు డబ్బాకు చూపించండి. 70 డిగ్రీల లోపు ఉంటేనే 24కు వెళ్లండి, అక్కడా అలాగే కొలిచాకే 25. ఎండాకాలంలో మళ్లీ ఒక పన్ను తగ్గించుకోండి. మీరు నడిపే చోటు మలుపులు ఎక్కువున్న చిన్న ట్రాక్ అయితే 25 వేసి కూడా ల్యాప్ సమయం పెరగవచ్చు, ఎందుకంటే ప్రతి మలుపు దాటాక కారు ఊపు అందుకోవడం మందగిస్తుంది, పెరిగిన పై వేగాన్ని వాడుకునేంత నేరుబాట మీకు దొరకదు.

23 పళ్లకు ఇంకో గుణం ఉంది, నాకు దాని మీద ప్రత్యేకమైన ఇష్టం. 22కూ 70కీ రెండు ఉమ్మడి భాజకం కనుక, పినియన్‌లో ఒక పన్ను స్పర్‌లోని 35 పళ్లనే మళ్లీ మళ్లీ తాకుతుంది. 23కూ 70కీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు, కనుక ప్రతి పన్నూ డెబ్బయి పళ్లనూ వరసగా తాకి వస్తుంది. ఒక పంటిలో ఏదైనా లోపం ఉన్నా దాని అరుగుదల అన్నిటికీ పంచబడుతుంది.

ప్రశ్న: పినియన్ మీద 48 పిచ్ అని ఉంది, నా స్పర్ మాడ్యూల్ 0.6 అని ఉంది. కళ్లకు రెండూ ఒకలాగే కనిపిస్తున్నాయి. కలిపి వాడవచ్చా?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: వాడకూడదు. రెండూ పంటి సైజు చెప్పే కొలతలే, పిచ్ అంగుళాల లెక్క, మాడ్యూల్ మిల్లీమీటర్ల లెక్క. పిచ్‌ను మాడ్యూల్‌గా మార్చాలంటే 25.4ను పిచ్‌తో భాగించాలి. 48 పిచ్ 0.53 మాడ్యూల్ అవుతుంది, 0.6తో కలవదు, పళ్లు కొద్ది నిమిషాల్లో కొట్టుకుపోతాయి. 32 పిచ్ మాత్రం 0.79 అవుతుంది కనుక, దాన్ని 0.8 మాడ్యూల్‌తో అవసరానికి వాడుకునేవారు ఉన్నారు.

ప్రశ్న: మా వీధి పక్కనే నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్లు ఉన్నాయి. ఖాళీ స్థలంలో బండి నడిపితే తెల్లటి బూడిద లాంటి దుమ్ము గేర్లకు పట్టేస్తోంది. గ్రీజు ఎక్కువ రాస్తే గేర్లు ఎక్కువ కాలం ఉంటాయా? ఏ గ్రీజు మంచిది?
- ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: బయటికి కనిపించే స్పర్, పినియన్ల మీద గ్రీజు ఒక్క చుక్క కూడా రాయకండి. మీరు చెప్పిన రాతి పొడి గ్రీజులో కలిస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది, ఆ ముద్దతో గేర్లు రోజంతా ఒకదాన్నొకటి నూరుకుంటాయి. అనంతపురం ఎర్రమట్టితోనూ ఇదే బాధ, ఆ మట్టిలో ఉండే సన్నని ఇసుక ఉక్కు పినియన్‌ను కూడా అరగదీస్తుంది. డెల్రిన్, నైలాన్ గేర్లు ఉక్కు పినియన్‌తో పొడిగానే చక్కగా తిరుగుతాయి. నడిపిన ప్రతిసారీ పాత టూత్ బ్రష్‌తో పళ్ల సందులు దులిపితే చాలు. నీళ్లు పోసి కడగకండి, బేరింగుల్లోకి పొడి బురదై దిగుతుంది. స్పర్ మీద కప్పే మూత ఉంటే బరువని తీసేయకుండా వాడండి. మూత అంచున సందు ఉంటే సన్నని స్పాంజి ముక్క అతికించండి.

మూసిన గేరుబాక్సులో మాత్రం గ్రీజు ఉండాలి, అదీ పళ్లకు పలచగా పట్టేంతే. ఉక్కు మీద ఉక్కు తిరిగే చోట లిథియం గ్రీజు, ప్లాస్టిక్ ఉన్నచోట సిలికాన్ గ్రీజు వాడుకోండి. ఇంకొక మాట: మీ బండిలో చక్రాల దగ్గర బేరింగులకు బదులు ప్లాస్టిక్ బుష్షులు ఉంటే, గేర్ల కంటే ముందు వాటిని మార్చండి. ఈ దుమ్ముకు బుష్షు రంధ్రం సాగిపోయి షాఫ్టు ఊగుతుంది, షాఫ్టు ఊగితే ఎంత జాగ్రత్తగా కుదిర్చిన పట్టయినా నిలవదు. చాలా 1:10 కార్లకు 5 మి.మీ. లోపలి వ్యాసం, 11 మి.మీ. బయటి వ్యాసం, 4 మి.మీ. మందం ఉన్న బేరింగులు పడతాయి, రబ్బరు సీలు ఉన్నవి అడగండి.

ప్రశ్న: మా ఊళ్లో జిన్నింగు మిల్లులకు గేర్లు కోసే లేత్ షాపు ఉంది. స్పర్, పినియన్లు అక్కడే చేయించుకోవచ్చా? కొలతలు చెబితే చేస్తానని మేస్త్రీ అంటున్నాడు.
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: చేయించుకోవచ్చు. ఆ మేస్త్రీ అలా అన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఇన్ని పెద్ద గేర్లు కోసే చేతులు ఇక్కడే ఉండగా మనం చిన్న గేరు కోసం వారాల తరబడి పార్సిలు వైపు చూస్తున్నాం. ముందు స్పర్ చేయించండి. మీదీ పైన చెప్పిన టీటీ-02 లాంటి కారైతే మాడ్యూల్ 0.6, పళ్లు 70, పీడన కోణం (పంటి పక్కల వాలును చెప్పే కొలత) 20 డిగ్రీలు అని చెప్పండి. డెల్రిన్ కడ్డీ నుంచి కోసిన బిళ్ల బయటి వ్యాసం 43.2 మి.మీ. ఉండాలి, ఎందుకంటే పళ్ల సంఖ్యకు రెండు కలిపి మాడ్యూల్‌తో గుణించాలి. పంటి లోతు మాడ్యూల్‌కు 2.25 రెట్లు, అంటే 1.35 మి.మీ. ఆ షాపులోని డివైడింగ్ హెడ్ (బిళ్లను సమాన భాగాలుగా తిప్పే పరికరం) నలభైకి ఒకటి రకందైతే, అంటే పిడి నలభై చుట్లకు బిళ్ల ఒక చుట్టు తిరిగేదైతే, 21 రంధ్రాల వృత్తంలో పన్నెండు రంధ్రాల చొప్పున జరుపుతూ పోతే డెబ్బయి పళ్లు తేలతాయి. 0.6 మాడ్యూల్ కట్టరు జిన్నింగు గేర్లకు వాడేవాటిలో ఉండదు కనుక దాన్ని తెప్పించుకోవాలి, 55 నుంచి 134 పళ్ల వరకు కోసే కట్టరు అడగండి. అదొక్కటే ఖర్చు, ఆ తర్వాత ఎన్ని స్పర్లయినా కోసుకోవచ్చు.

పినియన్ మాత్రం కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. దానికి 21 నుంచి 25 పళ్ల వరకు కోసే మరో కట్టరు కావాలి, మోటారు షాఫ్టు కోసం 3.17 మి.మీ. రంధ్రం కచ్చితంగా నడిమధ్యన పడాలి, కోశాక గట్టిపరచాలి, గట్టిపరిచేటప్పుడు అంత చిన్న గేరు కొద్దిగా వంకరపోయినా పనికిరాదు.

స్పర్ విషయంలో మేస్త్రీకి ఒక్క మాట తప్పకుండా చెప్పండి: మధ్య రంధ్రం, బయటి వ్యాసం రెండూ చక్‌లోంచి బిళ్లను తీయకుండా ఒకే బిగింపులో తిప్పాలి. తీసి మళ్లీ బిగిస్తే వెంట్రుకవాసి పక్కకు పోతుంది. లారీ గేరులో ఆ వెంట్రుకవాసి లెక్కలోకి రాదు. ఒక్క పన్ను పెరిగితే మోటారును 0.3 మి.మీ. మాత్రమే జరిపే ఈ గేర్లలో మాత్రం, పైన కర్నూలు పాఠకుడికి చెప్పిన కాగితం పట్టీ ఒకవైపు చిరుగుతుంది, ఇంకోవైపు జారిపోతుంది. మొదటి గేరు రాగానే బండికి వేసే ముందు ఆ పరీక్షే చేసి, తేడా ఏమైనా ఉంటే దాన్ని మేస్త్రీ దగ్గరకే తీసుకెళ్లి ఆయన కళ్లముందే తిప్పి చూపించండి.